కలంపేరు వెనక కాగితాలు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద ఉన్నాయి. కలంపేరుతో కథలు, నవలలు అచ్చు వేసుకోవడం ఎట్లా అని. రాసినవాళ్లు తమ పేర్లు వేయవద్దన్నారు కాబట్టి ఊరి పేర్లతోనే ఇస్తున్నాం. కథల విభాగం చూసేవారూ, రచయితల హక్కుల సంగతి తెలిసిన న్యాయవాదీ కలిసి జవాబులు రాశారు.

కావలి నుంచి ఒక పాఠకురాలు: పదేళ్లుగా కథలు రాసి బీరువాలో పెడుతున్నాను. అత్తగారి తరఫు వాళ్లకు తెలియకుండా కలంపేరుతో పత్రికలకు పంపాలని ఉంది. సంపాదకుడికి కూడా అసలు పేరు చెప్పకుండా పంపవచ్చా? డబ్బులు వస్తే ఎట్లా తీసుకోవాలి?

అమ్మా, ముందు ఒకటి తేల్చుకోండి. ఎవరికి తెలియకూడదు? పాఠకులకా, బంధువులకా, సంపాదకుడికా? మీ ఉత్తరాన్ని బట్టి బంధువులకు. అలాంటప్పుడు సంపాదకుడి దగ్గర దాచి లాభం లేదు, నష్టమే ఉంది. రేపు ఎవరైనా ఆ కథ నాదేనని ఫిర్యాదు చేస్తే పత్రిక ఎవర్ని అడగాలి? సంకలనంలో వేసుకుంటామని ఇంకొకరు వస్తే ఎవరి అనుమతి తీసుకోవాలి? అసలు పేరు, చిరునామా లేకుండా వచ్చిన కథను చాలామంది సంపాదకులు బాగున్నా పక్కన పెట్టేస్తారు.

కథ మొదటి పేజీ మీద కథ పేరు, కింద కలంపేరు, అంతే ఉండాలి. చిరునామా, ఫోను నంబరు కథ పేజీల మీద ఎక్కడా రాయకండి. ఆ పేజీలు డీటీపీకి, బొమ్మ వేసే ఆర్టిస్టుకు, ప్రూఫులు దిద్దేవారికి వెళ్తాయి. ప్రతి పేజీ కింద కథ పేరు, పేజీ నంబరు ఉంటే పేజీలు విడిపోయినా కలుపుకోవచ్చు. మీ వివరాలూ హామీపత్రమూ విడి కాగితం మీద ఉండాలి. హామీపత్రం ఇలా రాయవచ్చు:

"ఈ కథ నా సొంత రచన. అనువాదం గానీ అనుకరణ గానీ కాదు. ఇంతవరకు ఏ పత్రికలోనూ, వెబ్‌లోనూ, సోషల్ మీడియాలోనూ రాలేదు. వేరే ఎక్కడా పరిశీలనలో లేదు. అచ్చువేసేటప్పుడు కలంపేరు మాత్రమే వేయగలరు. నా అసలు పేరు, ఊరు, ఫోటో, ఫోను నంబరు అచ్చులో వేయవద్దు. ఫోను చేసి అడిగినవారికి కూడా ఇవ్వవద్దు."

చివరి రెండు వాక్యాలూ చాలామంది మరిచిపోతారు. మన పత్రికల్లో కథ కింద రచయిత ఫోను నంబరు వేయడం మామూలు. మీరు వద్దని రాయకపోతే ఆ అలవాటు చొప్పునే వేసేస్తారు. పాఠకుడొకడు అభిమానంతో ఫోను చేస్తే మీ ఇంట్లో ఎవరు ఎత్తుతారో చెప్పలేం కదా.

పోటీలకు పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. కథ మీద రచయిత పేరు ఉండకూడదని నిబంధన ఉంటే, కలంపేరు కూడా ఉండకూడదనే అర్థం. కలంపేరు రాసి పంపిన కథను న్యాయనిర్ణేతల దాకా వెళ్లకుండానే తీసేస్తారు.

ఇక డబ్బు సంగతి. కలంపేరు మీద రాసిన చెక్కు మీ ఖాతాలో జమ కాదు. ఖాతా ఏ పేరు మీద ఉందో చెక్కు ఆ పేరు మీదే ఉండాలి. కాబట్టి పాస్‌బుక్కులో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా రాసి, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ విడి కాగితం మీద పంపండి. అది ఉమ్మడి ఖాతా అయినా, ఖాతాకు మీవారి ఫోను నంబరు జోడించి ఉన్నా, డబ్బు పడ్డ నిమిషంలో ఎస్సెమ్మెస్ ఆ ఫోనుకు పోతుంది. మీ ఒక్కరి పేరున పొదుపు ఖాతా తెరిచి, దానికి మీ నంబరే ఇవ్వండి.

అన్నిటికంటే ఎక్కువమంది దొరికిపోయేది కాంప్లిమెంటరీ కాపీ దగ్గర. పత్రిక పేరు పెద్దక్షరాలతో అచ్చయిన కవరు పోస్టులో నేరుగా ఇంటికొస్తుంది. నమ్మకమైన స్నేహితురాలి చిరునామా ఇవ్వండి, లేదా కాపీ పంపవద్దని, షాపులో కొనుక్కుంటానని రాయండి.

కథ ఈమెయిల్లో పంపితే మూడు చోట్ల చూసుకోవాలి. మెయిల్ ఐడీ కొత్తదైనా, ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన పేరే అవతలివాళ్లకు కనబడుతుంది. వర్డ్ ఫైలు లోపల కంప్యూటర్ ఎవరి పేరున ఉంటే ఆ పేరు రచయితగా నమోదై ఉంటుంది. వర్డ్‌లో ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ అని వరసగా నొక్కితే అది చూపించి, తీసేయమంటారా అని అడుగుతుంది. గూగుల్ డాక్స్ లింకు మాత్రం పంపకండి. ఎవరి ఖాతాలోంచి వచ్చిందో అందులో తెలిసిపోతుంది.

ఇంత చేశాక కూడా గుట్టు బయటపడితే, అది కాగితం వల్ల కాదు, మనిషి నోటి వల్లే అవుతుంది. హ్యారీ పాటర్ రచయిత్రి జె.కె. రౌలింగ్ మగపేరుతో రాసిన డిటెక్టివ్ నవల గుట్టు 2013లో బయటికొచ్చింది ఆ దారినే. లాయరొకాయన తన భార్య స్నేహితురాలితో ఆ మాట అన్నాడు. అందుకని మీ కలంపేరు తెలిసినవాళ్లు ఇద్దరికి మించకుండా చూసుకోండి.

ఒంగోలు: కలంపేరు ఎట్లా ఎంచుకోవాలి? నాకు నచ్చిన పేరుతో ఇప్పటికే ఒకరు కవితలు రాస్తున్నారు. ఆయన కవి, నేను కథకుణ్ని. వాడుకోవచ్చా?

వద్దు. పేరు ఒక్కదానికే కాపీరైటు ఉండదన్న మాట నిజమే. కానీ పాఠకుడు ఆయన అనుకుని మీ పుస్తకం కొంటే, ఆయన పేరు వాడుకున్నారని మీ మీద దావా వేయడానికి దారి ఉంది. దావా దాకా పోకపోయినా మీ మంచి కథ ఆయన ఖాతాలో పడుతుంది, ఆయన మీద వచ్చిన విమర్శ మీ ఖాతాలో పడుతుంది.

మన పెద్దలు పేర్లు పెట్టుకున్న తీరు చూడండి. ఆనాటి నెల్లూరు జిల్లాలో, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు తన గోత్రం పేరు తీసుకుని ఆత్రేయ అయ్యారు. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి నక్షత్రం పేరుతో ఆరుద్ర అయ్యారు. శ్రీరంగం శ్రీనివాసరావు రెండు పేర్ల మొదటక్షరాలు కలిపి శ్రీశ్రీ. 1965లో వచ్చిన దిగంబర కవులు ఆరుగురూ పాత పేర్లు వదిలేసి కొత్తవి పెట్టుకున్నారు. కందుకూరు వైపు లింగసముద్రానికి చెందిన కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు వాళ్లలో మహాస్వప్న అయ్యారు. ఒక్కటి గమనించండి. ఈ పేర్లలో చాలావరకు గుట్టు కోసం పెట్టుకున్నవి కావు. గోత్రం, నక్షత్రం, ఇంటిపేరు మొదటక్షరం కలిసిన పేరు చూస్తే బంధువులు ఇట్టే పోల్చుకుంటారు. మీకు గుట్టు కావాలంటే ఆ దారి పనికిరాదు. పిల్లల పేర్లు కలిపి పెట్టుకున్నా అంతే.

రెండు మూడు పేర్లు అనుకున్నాక ఒక్కొక్కదాన్నీ పరీక్షించండి. తెలుగులో, ఇంగ్లీషులో, రెండు మూడు స్పెల్లింగులతో ఇంటర్నెట్‌లో వెతకండి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైటులో వేలాది కథకుల పేర్లున్నాయి. అక్కడ కూడా లేదంటే చాలావరకు నిశ్చింత. ఆ తర్వాత ఫోనులో మీ స్నేహితుడికి ఆ పేరు ఒక్కసారి చెప్పి రాయమనండి. మీరనుకున్నట్టు రాయలేకపోతే ఆ పేరు పనికిరాదు. షాపులో అడిగేవాడూ అలాగే తప్పు చెబుతాడు, వెతికేవాడూ తప్పు టైపు చేస్తాడు. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కటే ఖాయం చేసుకుని ఎప్పటికీ మార్చకండి.

డాక్టర్, ప్రొఫెసర్ లాంటివి లేనివాళ్లు పేరుకు ముందు తగిలించుకోకూడదు. మగవాళ్లు ఆడపేరుతో రాయవచ్చా అని ఇంకో ఉత్తరంలో అడిగారు. మన దగ్గర రచయిత్రుల నవలలు విరివిగా అమ్ముడైన రోజుల్లో చాలామంది రాశారు. చట్టం అడ్డుపడదు. అయితే స్త్రీలకు మాత్రమే అని పెట్టిన పోటీకి ఆ పేరుతో పంపితే అది మోసం అవుతుంది.

పొదిలి: ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. కలంపేరుతో రాస్తే శాఖ అనుమతి అక్కర్లేదని తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. అనుమతి అవసరమా కాదా అన్నది పేరు మీద ఆధారపడదు, రాసిన విషయం మీద ఆధారపడుతుంది. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాలు చూడండి. శుద్ధ సాహిత్య రచనకు వాటిలో వెసులుబాటు ఉంది. అదే ప్రభుత్వ విధానాన్ని విమర్శించే రచన అయితే సొంత పేరుతో రాసినా, పేరు లేకుండా రాసినా, మారుపేరుతో రాసినా, వేరొకరి పేరుతో రాసినా ఒకటేనని 9వ నియమం స్పష్టంగా చెబుతుంది. కలంపేరును ముందే ఊహించి రాసిన నియమం అది.

మీకు వర్తించేవి రాష్ట్ర ప్రభుత్వపు సొంత నియమాలు. అవి కూడా 1964 నాటివే. వాటి ప్రతి తీసుకుని, పత్రికలకు రాయడం, ప్రభుత్వాన్ని విమర్శించడం గురించిన నియమాలు స్వయంగా చదవండి. తోటివాళ్ల మాట మీద నడవకండి. ప్రేమకథకు, ఊరి కథకు ఇబ్బంది రాదు. మధ్యాహ్న భోజన పథకం మీద, బదిలీల మీద కథ రాస్తే పాత్రల పేర్లు మార్చినంత మాత్రాన అది కథ అని పై అధికారి ఒప్పుకుంటారన్న భరోసా లేదు. పుస్తకం వేసి రాయల్టీ తీసుకునే ఉద్దేశం ఉంటే హెడ్‌మాస్టరు ద్వారా ఒక తెలియజేత ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న ప్రతిని దాచుకోండి. గుట్టు కొంత సడలుతుంది. కానీ ఉద్యోగం మీ కుటుంబానికి ఆధారం. దానికి చేటు తెచ్చుకోవద్దు.

కందుకూరు: మా నాన్న 1970 నుంచి 1985 దాకా కలంపేరుతో నలభై దాకా కథలు రాశారు. 2003లో పోయారు. ఈమధ్య ఎవరో వాటిలో 12 కథలు తీసి పుస్తకం వేశారు, యూట్యూబ్‌లో చదువుతున్నారు. అడిగితే "ఆ రచయిత మీ నాన్నేనని రుజువేంది?" అంటున్నారు. మేం ఏం చెయ్యాల?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మమ్మల్ని బాగా కదిలించింది మీదే. కలంపేరు పెట్టుకునే ప్రతి ఒక్కరూ ఈ జవాబు చదవాలి.

ముందు హక్కు ఉందో లేదో చూద్దాం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత ఎవరో తెలిసిన రచనకు, ఆయన పోయిన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. రచయిత ఎవరో లోకానికి తెలియని, కలంపేరుతో వచ్చిన రచనకైతే అచ్చయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లే. అంటే 1974లో అచ్చయిన కథకు ఆ రచయిత మీ నాన్నగారేనని బయటపడి ఉంటే 2063 డిసెంబరు 31 దాకా హక్కు ఉంటుంది. బయటపడకపోతే 2034 డిసెంబరు 31తో తీరిపోతుంది. ఒకే కథ, ఒకే రచయిత, 29 ఏళ్లు తేడా. 1970లో వచ్చిన తొలి కథలకైతే రెండో లెక్కన 2030తోనే గడువు పూర్తవుతుంది. కాబట్టి ఆలస్యం చేయవద్దు. ఏ లెక్కన చూసినా ఇవాళ్టికి హక్కు మీ కుటుంబానిదే, పుస్తకం వేసినవాళ్లది కాదు.

బయటపడటం అంటే ఊళ్లో పదిమందికి తెలియడం కాదు. రచయితా ప్రచురణకర్తా ఇద్దరూ బహిరంగంగా చెప్పి ఉండాలి, లేదా కోర్టు ముందు నిరూపించాలి. కాబట్టి మీరు మొదట వెతకాల్సింది పత్రిక వేసిన రచయిత పరిచయం. ఆ రోజుల్లో వారపత్రికలు దీపావళి, ఉగాది సంచికల్లో రచయితల ఫోటోలు, అసలు పేర్లు వేసేవి. నాన్నగారి ఫోటో కింద రెండు పేర్లూ ఉన్న ఒక్క పేజీ దొరికితే మీ పని సగం అయినట్టే.

పాత సంచికల కోసం వేటపాలెం వెళ్లండి. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలకు పెట్టింది పేరు. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకాకుళంలో కథానిలయం కూడా ఉన్నాయి. సంచిక దొరికాక కథ పేజీ ఒక్కటే ఫోటో తీసుకుని రావద్దు. ముఖచిత్రం, విషయసూచిక, తేదీ ఉన్న పేజీ, ప్రచురణకర్త పేరున్న పేజీ, కథ మొత్తం, అన్నీ కావాలి. తేదీ లేని జిరాక్సు కాగితం రుజువుకు నిలవదు.

తర్వాత ఇంట్లో నాన్నగారి ట్రంకుపెట్టె తీయండి. అందులో అన్నిటికంటే విలువైనది మనియార్డరు కూపను. ఫారం కింద చింపి ఇచ్చే చిన్న ముక్క అది. పత్రికలవాళ్లు దాని మీద ఫలానా కథకు పారితోషికం అని రాసి పంపేవారు. మనియార్డరు వచ్చేది అసలు పేరు మీద, కథ అచ్చయ్యేది కలంపేరు మీద, ఆ రెంటినీ కలిపేది ఆ ముక్క, దాని మీది పోస్టాఫీసు ముద్ర. అలాగే కథ స్వీకరించామని సంపాదకుడు రాసిన కార్డులు, కొట్టివేతలున్న రాతప్రతులు, తోటి రచయితల ఉత్తరాలు, డైరీలు. వీటిని లామినేషన్ చేయించకండి. పాత కాగితం అందులో పాడవుతుంది, అసలుదా కాదా అన్న పరీక్షకూ పనికిరాకుండా పోతుంది. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసి, ఒక్కొక్కటీ విడి కవరులో పెట్టి, స్కాన్ చేయించి రెండు చోట్ల దాచండి.

ఆ పైన వారసులంతా ఒక మాట మీదికి రావాలి. అమ్మగారు ఉంటే ఆవిడ, అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ సంతకాలు చేసి ఒకరికి అధికారం ఇవ్వండి. ఒక్కరే నోటీసు పంపితే, అవతలివాళ్లు ఇంకో వారసుడి దగ్గర చవగ్గా అనుమతి కొనుక్కుని వస్తారు. నోటీసులో ఏ కథ, ఏ పత్రిక, ఏ తేదీ అని పన్నెండింటినీ విడివిడిగా రాయండి. యూట్యూబ్‌లో కాపీరైటు ఫిర్యాదు ఫారం ఉంది. దానిలో ఇచ్చిన పేరు అవతలివాళ్లకూ వెళ్తుందని తెలిసి నింపండి. కోర్టుకే పోవాల్సి వస్తే వాళ్లున్న ఊరికి తిరగనక్కర్లేదు. హక్కుదారు నివాసం ఉన్న చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చని చట్టంలోని 62వ సెక్షను చెబుతోంది.

ఇంకొక సంగతి కూడా ఉంది, చాలామంది లాయర్లు కూడా దీన్ని గమనించరు. కలంపేరు వెనక ఉన్నదెవరో బహిరంగం కానంత కాలం, దావాల విషయంలో చట్టం దృష్టిలో హక్కుదారు ఆ కథను మొదట అచ్చువేసిన ప్రచురణకర్తే. రచయితగానీ ఆయన వారసులుగానీ కోర్టు ముందు నిరూపించుకుంటే హక్కు వాళ్ల చేతికి వస్తుంది. మీ ట్రంకుపెట్టె విలువ అంతటిది.

ఇవాళ రాస్తున్నవాళ్లు తమ పిల్లలకు ఈ తిప్పలు రాకుండా ఇప్పుడే ఒక పని చేయండి. ఫలానా కలంపేరుతో ఫలానా రచనలు చేసింది నేనే అని కథల జాబితాతో నోటరీ అఫిడవిట్ రాయించి బీరువాలో పెట్టండి. కథ అచ్చయినప్పుడల్లా జాబితాలో ఒక వరుస పెంచి, ఏడాదికోసారి కొత్త అఫిడవిట్ చేయించండి. కాపీరైటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించాలనుకుంటే సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు, 14వ నంబరు ఫారం. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. అయితే ఆ రిజిస్టరు ఎవరైనా చూడవచ్చు. గుట్టు ముఖ్యమైనవాళ్లకు అఫిడవిట్టే మేలు. ప్రతిని మనకు మనమే పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. అంటించని కవరును ముందే పంపుకుని తర్వాత కాగితాలు పెట్టలేదని ఎట్లా నిరూపిస్తారు? దాని మీద ఆధారపడకండి.

దర్శి: నవల వేస్తామని ఒక ప్రచురణకర్త ముందుకొచ్చారు. ఒప్పందం మీద కలంపేరుతోనే సంతకం చేయమంటున్నారు. చేయనా?

కలంపేరు ఒక్కదానితో చేయవద్దు. అసలు పేరు రాసి, పక్కన అలియాస్ అని కలంపేరు రాసి, పాన్ కార్డు మీద ఉన్న సంతకమే చేయండి. రాయల్టీలో పట్టుకున్న పన్ను పాన్ మీదే జమవుతుంది, పాన్ అసలు పేరు మీదే ఉంటుంది. పాత పన్ను విధానంలో ఉన్న రచయితలకు పుస్తకాల రాయల్టీ మీద షరతులకు లోబడి ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు ఉంది. కలంపేరు కాగితాలు పట్టుకుని వెళ్తే అది దక్కదు.

ఒప్పందంలో మూడు వాక్యాలు ఉండి తీరాలి. రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా అసలు పేరు ఎవరికీ చెప్పకూడదన్నది ఒకటి. రచయిత ఎప్పుడు కోరితే అప్పుడు తర్వాతి ముద్రణలో అసలు పేరు వేయాలన్నది రెండు. కలంపేరు రచయితదే, దాని కింద ప్రచురణకర్త ఇంకెవరి రచనలూ వేయకూడదన్నది మూడోది. మూడోది రాయకపోతే ఏమవుతుందో తెలుసా? మీ పేరు నాలుగు పుస్తకాలతో నిలదొక్కుకున్నాక, మీరు మానేసినా అదే పేరుతో వేరేవాళ్ల చేత రాయించి అమ్ముకుంటారు. అప్పుడు ఆ పేరు మీదని చెప్పుకోవడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఎన్నేళ్లకు ఇస్తున్నారో కూడా అంకెల్లో రాయించండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆడియో, సినిమా, అనువాద హక్కులను ఒక్క మాటలో "సర్వహక్కులు" అని రాసి ఉంటే సంతకం పెట్టకుండా లేచి రండి.

ఆత్మకూరు: ఇద్దరు స్నేహితులం కలిసి ఒకే కలంపేరుతో రాయవచ్చా?

రాయవచ్చు. బీనాదేవి పేరు వెనక ఉన్నది భార్యాభర్తలు, భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ. మీరిద్దరూ ఒక కాగితం మీద రాసుకోవాల్సింది ఇంతే. డబ్బు ఎవరికెంత, విడిపోతే పేరు ఎవరిది, ఒకరు పోతే రెండోవారు ఆ పేరుతో కొత్తవి రాయవచ్చా. కలిసి రాసిన రచనకు హక్కు కాలం ఇద్దరిలో చివరగా పోయినవారి నుంచి లెక్క.

ముత్తుకూరు వైపు నుంచి: రొయ్యల చెరువుల మీద నవల రాశాను. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు అందులో తమను తాము పోల్చుకుంటారు. కలంపేరు ఉంటే కేసు రాదు కదా?

వస్తుంది. పరువునష్టం 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కిందికి వచ్చింది. రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కేసు మొదట ప్రచురణకర్త మీద పడుతుంది. కోర్టు అడిగితే ఆయన మీ పేరు చెప్పక తప్పదు. పైగా మీ ఊరివాళ్లకు కోర్టు దాకా పోవాల్సిన పనీ లేదు. "ఉండాడు, ఎట్టా, యాడ, ఏంది" అని యాస రాస్తూ, పలానా కాలవ గట్టు, పలానా ఏరేటర్ల షెడ్డు అని గుర్తులు ఇస్తే రాసింది ఎవరో వాళ్లే చెప్పేస్తారు.

యాస మాత్రం తీసేయకండి, నవలకు ప్రాణం అదే. మార్చాల్సినవి వేరే ఉన్నాయి. ఒక మనిషిని పోల్చుకునేది మూడింటితో. చేసే పని, కుటుంబం, అందరికీ తెలిసిన ఒక సంఘటన. ఈ మూడింటిలో కనీసం రెండు మార్చండి. చెరువుల కాంట్రాక్టరును ఐస్ ఫ్యాక్టరీ యజమానిని చేయండి, ఇద్దరు కొడుకులున్నవాడికి ఒక్క కూతుర్ని ఇవ్వండి. ఊళ్లో పిలిచే మారుపేరును దాని ప్రాసతో సహా వదిలేయండి. ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేస్తే ఇంకా మంచిది, పాత్ర కూడా చిక్కనవుతుంది. "ఇందులోని పాత్రలు కల్పితాలు" అని మొదట్లో వేసే వాక్యం వేయండి. కానీ అది ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుందని నమ్మకండి.

నెల్లూరు, మూలాపేట: సొంత ఖర్చుతో 500 కాపీలు కలంపేరుతో వేసుకోవాలనుకుంటున్నా. ఏమేం చూసుకోవాలి?

డెమ్మీ అనే మామూలు పుస్తకాల సైజులో 16 పేజీలకు ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట. 160 పేజీల నవల అంటే 10 ఫారాలు. మీ రాతప్రతి 163 పేజీలు వస్తే 176కి డబ్బు కట్టాల్సి వస్తుంది. కాబట్టి ముందుమాటలు తగ్గించైనా 160లో సర్దండి. లోపలికి 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 300 జీఎస్ఎం ఆర్టుకార్డు చాలు.

పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో రచయితలే దరఖాస్తు చేసుకోవచ్చు. దళారికి డబ్బులివ్వకండి. గుర్తింపు పత్రం అసలు పేరుతో ఇవ్వాలి, రచయిత గడిలో కలంపేరు వేసుకోవచ్చు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క కాపీ మీ ఖర్చుతో పంపడం 1954 చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ పోస్టు రసీదులు పారేయకండి. ఏ తేదీకి పుస్తకం ఉందో చెప్పే గట్టి సాక్ష్యం అవి.

సొంతంగా వేసుకునేవాళ్ల గుట్టు బయటపడేది రెండో పేజీలోనే. కలంపేరు పెద్దగా వేసి, కింద ప్రచురణ, ప్రతులకు అని ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇస్తారు. ఆ నంబరు ట్రూకాలర్లో కొడితే పేరు వస్తుంది. డబ్బు పంపడానికి ఫోన్‌పే కొడితే బ్యాంకులో ఉన్న పూర్తి పేరు వస్తుంది. ఒక ప్రచురణ సంస్థ పేరు పెట్టుకుని, ఊరు నెల్లూరు అని మాత్రం వేసి, ఈమెయిలు ఇవ్వండి. ప్రతులు పుస్తకాల షాపుల ద్వారానే అమ్మించండి. అంకితం పేజీలో అమ్మానాన్నల పూర్తి పేర్లు వేయకండి. తొలి ముద్రణ నెల, సంవత్సరం మాత్రం తప్పకుండా వేయండి, రచయిత ఎవరో బయటపడని రచనకు పై జవాబుల్లో చెప్పిన 60 ఏళ్ల లెక్క మొదలయ్యేది అక్కణ్నుంచే.

డీటీపీ 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో చేసి తర్వాత యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఎగిరిపోతుంటాయి. లోపలి తప్పు పాఠకుడు క్షమిస్తాడు, పేరులో తప్పు పడితే అది ఇంకో రచయిత అయిపోతుంది. అట్ట, పేరు పేజీ, వెన్ను, మూడు చోట్లా పేరును అక్షరం అక్షరం చదివి ప్రూఫు మీద సంతకం చేయండి. 160 పేజీల పుస్తకం వెన్ను 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో అటూ ఇటూ అంచు వదిలేస్తే అక్షరానికి మిగిలేది 5 మిల్లీమీటర్లు. తెలుగక్షరానికి పైన గుడి, కింద వత్తు రెండూ ఆ 5లోనే పట్టాలి. కలంపేరులో రెండు వత్తులుంటే అసలక్షరం నలిగిపోయి బీరువాలో చదవడానికి రాదు. పేరు ఖాయం చేసుకునే ముందే ఆ సైజులో ఒక కాగితం మీద వెన్ను ప్రింటు తీసి, పాత పుస్తకానికి చుట్టి, అరలో పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చదివి చూడండి.